సాహిత్య పత్రికకు కథ పంపితే సంపాదకులు అందులో ఏం వెతుకుతారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కొంతకాలంగా పత్రికలకు కథలు పంపుతున్నారు. కొన్నిటికి "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అన్న ఒక్క వాక్యం వచ్చింది, కొన్నిటికి జవాబే లేదు. స్నేహితులేమో బాగున్నాయంటున్నారు. మరి సంపాదకులు చూసేదేమిటి? పరిచయాలు లేకపోతే వేయరా?

సూటిగా చెప్తాను. మొదటి పేజీలో సంపాదకులు వెతికేది ఒక నమ్మకం కోసం. ఈ రాస్తున్న మనిషికి తను చెప్పబోయేది తెలుసు, దాన్ని ఏ వాక్యంలో చెప్పాలో కూడా తెలుసు అన్న నమ్మకం. వస్తువు కొత్తదా, సందేశం గొప్పదా అన్న లెక్కలు ఆ తర్వాతే. ఆ నమ్మకం చివరి వాక్యం దాకా నిలిచిందా అన్నది రెండో ప్రశ్న. తిరిగొచ్చే కథల్లో చాలా భాగం చెడ్డ కథలేమీ కావు. ఎక్కడో ఒకచోట, ఎక్కువగా మొదటి పేజీలోనో చివరి పేరాలోనో, ఆ నమ్మకాన్ని పోగొట్టుకున్న కథలు.

స్నేహితుల మాట మీద ఎక్కువ ఆధారపడకండి. స్నేహితుడు మీ కథ పూర్తి చేయాలనే కూర్చుంటాడు. పత్రికలో చదివేవాళ్లకు ఆ మొహమాటం ఉండదు. కాబట్టి "బాగుందా?" అని అడగడం మానేసి, "ఎక్కడ ఆపేయాలనిపించింది?" అని అడగండి. పనికొచ్చే జవాబు దానికే వస్తుంది.

చదవడం ఎలా జరుగుతుందంటే

చాలా పత్రికల్లో తొలి వడపోత వేరేవాళ్లు చేస్తారు: సహ సంపాదకులో, సలహా మండలిలో ఒకరో, జీతం లేకుండా చదివిపెట్టే సాహిత్యాభిమానులో. వాళ్లు కథలను మూడు కుప్పలు చేస్తారు. వద్దు, ఇంకొకరు చూడాలి, తప్పకుండా చూడాలి. ఒకటి రెండు పేజీలకే "వద్దు" అనిపించేవి ఎక్కువ. వాటిని పూర్తిగా చదవరు. ఇది అన్యాయంగా కనిపించవచ్చు గానీ, పత్రిక కొన్న పాఠకుడు కూడా సరిగ్గా అంతే చేస్తాడు.

మిగిలినవాటిని ఇద్దరు ముగ్గురు చదువుతారు. ఆ దశలో కథ బాగోగులతో పాటు సంచిక అవసరాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఎన్ని పేజీలు ఖాళీ ఉన్నాయి, పోయిన సంచికలో ఇలాంటి కథ వేశామా, ఈ నెల ఇప్పటికే రెండు విషాదాంతాలు ఉన్నాయా. మీ కథలో ఏ లోపమూ లేకుండానే అది ఇక్కడ ఆగిపోవచ్చు. మీ చేతిలో లేని విషయం ఇది. అందుకే ఒక్క తిరస్కరణను పట్టుకుని కథను చింపి పోగులు పెట్టుకోనక్కర్లేదు. అదే కథ నాలుగైదు చోట్ల నుంచి తిరిగొస్తే మాత్రం మొదటి పేజీ మళ్లీ తెరవాలి.

మొదటి పేజీ

ఎక్కువసేపు మాట్లాడాల్సింది దీని గురించే. ఇలా మొదలయ్యే కథలు వస్తూనే ఉంటాయి:

"ఉదయం ఆరు గంటలైంది. సూర్యుడు తన లేలేత కిరణాలతో లోకాన్ని నిద్రలేపుతున్నాడు. సుజాత బద్ధకంగా ఒళ్లు విరుచుకుని లేచింది."

ఇందులో వ్యాకరణ దోషం లేదు. చదివేవాడికి దొరికింది కూడా ఏమీ లేదు. ఈ మూడు వాక్యాలు ఏ కథకైనా అతుకుతాయి. అదే కథను ఇలా మొదలుపెట్టి చూడండి:

"మామగారి పెన్షన్ పుస్తకం కోసం ఇల్లంతా మూడోసారి వెతికి, అది దొరకనందుకు లోలోపల సంతోషించింది సుజాత."

ఒక్క వాక్యంలో ఇంట్లో ఎవరున్నారో తెలిసింది, డబ్బు సంగతి ఒకటి నడుస్తోందని తెలిసింది, సుజాత పైకి చేసేది ఒకటి, లోపల కోరుకునేది మరొకటి అని తెలిసింది. ఎందుకు సంతోషించిందన్న ప్రశ్న పాఠకుణ్ని రెండో వాక్యానికి లాక్కుపోతుంది. ఇందులో అలంకారం లేదని కూడా గమనించండి. మంచి ఎత్తుగడ, అంటే కథ మొదలు, మెరిసే వాక్యం కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఈ కథకు తప్ప మరో కథకు పనికిరాని వాక్యం.

మొదటి పేజీలో తరచుగా కనిపించే ఇతర లోపాలు: అలారమో ఫోనో మోగడం, వాతావరణ వర్ణన, బస్సు కిటికీ పక్కన కూర్చుని గతంలోకి జారుకోవడం, మొదటి పది వాక్యాల్లోనే ఆరు పేర్లు రావడం, కథానాయకుడి చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు వరసగా పరిచయ పత్రంలా అప్పజెప్పడం. కిటికీ పక్కన కూర్చున్న పాత్రతో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. కథ మొదలైన అర పేజీకే వెనక్కి వెళ్లిపోతే, ఇప్పుడు జరుగుతున్నదానికి విలువ లేదని రచయితే ఒప్పుకున్నట్టవుతుంది. గతమే ముఖ్యమైతే అక్కడే మొదలుపెట్టండి.

ఒక పరీక్ష చెప్తాను. మొదటి పేరా మీద కాగితం పెట్టి మూసి, రెండో పేరా నుంచి చదవండి. తర్వాత మూడో పేరా నుంచి. కథ ఏ నష్టమూ లేకుండా నడిచిందంటే ముందున్నవి మీరు వేడెక్కడానికి రాసుకున్నవి. రాసేటప్పుడు అవి కావాలి, పంపేటప్పుడు వద్దు.

మధ్యలో ఆగిపోయేది ఎక్కడ

"చెప్పకు, చూపించు" అన్న సలహా మీరు వినే ఉంటారు. దాన్ని నేను సగమే ఒప్పుకుంటాను. చెప్పే గొంతు బలంగా ఉంటే నాలుగు వాక్యాల్లో పదేళ్లు దాటించవచ్చు. మన కథల్లో అలాంటి గొంతులకు కొదవ లేదు. చెప్పడం తప్పు కాదు. ఒకే సంగతిని రెండుసార్లు చెప్పడం తప్పు.

"'నా గుమ్మం తొక్కకు' అంటూ తలుపు వేసేసింది. ఆమెకు అతని మీద పట్టరాని కోపం వచ్చింది."

రెండో వాక్యం దేనికి? తలుపు వేసిందని పాఠకుడు చూశాడు కదా. పాఠకుడికి అర్థం కాదేమోనన్న భయం ఇలాంటి వాక్యాలు రాయిస్తుంది. కథంతా ఇలాగే నడిస్తే నిడివి పెరుగుతుంది, చదివేవాడికి తనను చిన్నపిల్లాడిలా చూస్తున్నారనిపిస్తుంది. మీ కథలో "కోపంగా", "బాధగా", "ఆశ్చర్యంగా" అన్న మాటలన్నీ వెతికి ఒక్కొక్కటే తీసి చూడండి. సంభాషణే ఆ పని చేస్తుంటే మాట అక్కర్లేదు. చేయకపోతే సంభాషణను దిద్దాలి.

రెండో పెద్ద లోపం, అసలు ఘట్టాన్ని దాటేయడం. అన్నదమ్ముల తగాదా కథ అనుకోండి. తగాదాకు ముందు రెండు పేజీలు, తర్వాత రెండు పేజీలు ఉంటాయి. తగాదా మాత్రం "ఆ రోజు ఇద్దరి మధ్యా పెద్ద గొడవే జరిగింది" అన్న ఒక్క వాక్యంలో అయిపోతుంది. రాయడానికి కష్టమైన ఘట్టం నుంచి రచయిత తప్పుకున్నాడని సంపాదకులకు వెంటనే తెలిసిపోతుంది. ఇంతకీ కథ ఉన్నది అక్కడే.

సంభాషణల్లో చూసేవి: అందరూ ఒకేలా మాట్లాడుతున్నారా, ఇద్దరికీ తెలిసిన సంగతినే పాఠకుడి కోసం ఒకరికొకరు చెప్పుకుంటున్నారా ("మన నాన్న ఐదేళ్ల క్రితం పోయాడు కదా అన్నయ్యా!"), పిలుపులు నిలకడగా ఉన్నాయా. ఒక పేజీలో భర్తను "మీరు" అన్న మనిషి మరో పేజీలో ఏ కారణమూ లేకుండా "నువ్వు" అంటే, రచయిత ఆ మనుషుల్ని వినడం లేదని అర్థం. కారణంతో మారితే అదే కథకు గొప్ప మలుపు కావచ్చు. మాండలికం విషయంలోనూ అంతే. క్రియల చివర్లు మాత్రం మార్చి యాస అనిపించాలని చూస్తే ఆ ప్రాంతపు పాఠకుడు రెండో వాక్యంలోనే పట్టేస్తాడు. యాస అంటే వాక్యం నడక, తిట్టు, సామెత, ఎక్కడ ఆగుతారో ఆ ఆగడం. అవి మీ చెవిలో లేకపోతే మామూలు వ్యావహారికంలో రాయండి, ఎవరూ తప్పుపట్టరు.

వస్తువు గురించి ఒక అపోహ

సామాజిక స్పృహ ఉన్న వస్తువైతే వేస్తారని చాలామంది నమ్మకం. ఒక పెద్ద సంఘటన జరిగిన నెలలోపే దాని మీద కథలు కుప్పలుగా వస్తాయి. 2020లో లాక్‌డౌన్ కథలు అలాగే వచ్చాయి. విదేశాల్లో పిల్లలు, ఒంటరి తల్లిదండ్రులు అన్న వస్తువు ఏడాది పొడుగునా వస్తుంది. ఈ వస్తువుల మీద రాయకూడదని కాదు. సంపాదకులు వేసుకునే ప్రశ్న మాత్రం ఇది: వార్త చదివితే తెలియని సంగతి ఈ కథలో ఏముంది?

ఆ కొత్త సంగతి చాలాసార్లు పనిలోంచి వస్తుంది. కుట్టుమిషన్ మీద పనిచేసే మనిషి గురించి రాస్తే, ఎక్కువసేపు కుట్టాక నొప్పి ముందు ఎక్కడ మొదలవుతుందో, ఏ గుడ్డ సూది కింద జారుతుందో, కొలత తప్పినప్పుడు ఏ మాటతో సర్దిచెబుతారో తెలిసి రాయాలి. ఇలాంటివి రెండు సరిగ్గా పడితే మిగతాదంతా పాఠకుడు నమ్ముతాడు. ఒక్కటి తప్పు పడితే ఏదీ నమ్మడు.

ముగింపు

మొదటి పేజీ దాటిన కథలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. పాత్ర హఠాత్తుగా చనిపోవడం, అంతా కల అనడం, అన్నీ వివరించే ఉత్తరం దొరకడం, చెడ్డవాడు ఒక్క మాటకు మారిపోవడం, చివరి పేరాలో రచయిత బయటికొచ్చి నీతి చెప్పడం. మీ కథ చివరి పేరా కొట్టేసి చదివి చూడండి. చాలా కథలు అక్కడికే పూర్తవుతాయి.

కొసమెరుపు మీద మోజు ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. కథ ఒక పాత్ర మనసులోంచి నడుస్తున్నప్పుడు, ఆ పాత్రకు మొదటినుంచీ తెలిసిన సంగతిని చివరిదాకా దాచి బయటపెడితే అది మెరుపు కాదు, మోసం. చివర తెలిసిన సంగతికి ఆనవాళ్లు ముందే ఉండాలి, పాఠకుడు వాటిని చూసి కూడా దాటిపోయి ఉండాలి.

కవితలు, వ్యాసాలు, అనువాదాలు

కవితను విరుపులు లేకుండా ఒకే పేరాగా రాసి చూడండి. ఏమీ నష్టం కలగకపోతే అది ఇంకా కవిత కాలేదు. ఒక్కో పాదంలో ఒక్కో కొత్త పోలిక వస్తుంటే ఏదీ నిలవదు. "వేదన", "మౌనం", "శూన్యం" లాంటి మాటలు మూడు దాటితే సంపాదకులు కాస్త నీరసపడతారు. సంఖ్య చెప్పని పత్రికకు మూడు కవితలు చాలు. ఇరవై పంపి "మీకు నచ్చింది వేసుకోండి" అంటే మీ ఎంపిక మీద మీకే నమ్మకం లేనట్టు.

వ్యాసంలో ప్రతి ఉల్లేఖననూ మూలంతో సరిపోల్చాకే పంపండి. ఒక్కటి తప్పని తేలితే మిగతావన్నీ అనుమానంలో పడతాయి. పుస్తక సమీక్ష అయితే ఆ రచయితతో మీకున్న బంధుత్వమో స్నేహమో ముందే చెప్పండి.

అనువాదానికి మూల రచయిత, మూల భాష, కథ పేరు, ఎక్కడ అచ్చయిందో, సూటిగా మూలం నుంచి చేశారా మరో భాష మీదుగానా అన్నవి రాయాలి. అనుమతి పత్రం జతచేయాలి. అనువదించుకునే హక్కు మూల రచయితదే. కాపీరైటు మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలన్నిట్లో ఇది వర్తిస్తుంది. రచయిత బతికున్నంతకాలం, తర్వాత కనీసం 50 ఏళ్లు హక్కు ఉంటుంది. భారతదేశంలో అది 60 ఏళ్లు.

రాతప్రతి, మెయిలు

ఇక్కడ మార్కులు రావు, పోవడం మాత్రం తేలిక. పత్రిక నియమాలు వేరుగా లేకపోతే ఇలా పంపండి:

యూనికోడ్‌లో (ప్రత్యేక ఫాంటు లేకుండానే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) టైపు చేసిన వర్డ్ ఫైలు. తెలుగు పీడీఎఫ్ నుంచి అక్షరాలు కాపీ చేస్తే తరచుగా చెదిరిపోతాయి, అందుకే చాలామంది వద్దంటారు. చేతిరాత ఫోటోలు, వాట్సాప్ ముక్కలు వద్దు. ఫైలు పేరు "కథ" అని కాదు, కథ పేరూ మీ పేరూ కలిపి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చినట్టయితే మొత్తం మళ్లీ చదవండి. ఒత్తులు మారతాయి, పొల్లు ఉండాల్సిన చోట తర్వాతి అక్షరం ఒత్తుగా వచ్చి కింద చేరుతుంది. మాట్లాడి టైపు చేయించేవాళ్లు విరామ చిహ్నాలు వేరుగా సరిచూసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవాళ్లు ల–ళ, న–ణ, శ–ష–స జంటలను ప్రత్యేకంగా వెతకాలి.

నాలుగైదు అచ్చుతప్పులకు ఎవరూ కథను తిప్పి పంపరు. ఒకే మాట కథంతా ఒకే రకంగా తప్పుగా ఉంటేనే అనుమానం వస్తుంది. మూడు ఆశ్చర్యార్థకాలు, ప్రతి వాక్యం చివరా చుక్కల వరస కూడా మంచి సూచనలు కావు.

నిడివి పరిమితి ఉంటే పాటించండి. 2,000 పదాలన్న చోటికి 2,100 పంపితే సర్దుకుంటారేమో గానీ, 3,500 పంపితే నియమాలు చదవలేదని తేలిపోతుంది. పేర్లు తీసేసి చదివే పత్రికలు, పోటీలు ఉన్నాయి. అక్కడ కథ ఫైలులో, పేజీ పైభాగంలో కూడా మీ పేరు ఉండకూడదు.

మెయిలులో నాలుగు వాక్యాలు చాలు: "నమస్కారం. 'ఫలానా' అన్న నా కథ (1,850 పదాలు) పరిశీలనకు పంపుతున్నాను. ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు. ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు. చిరునామా, ఫోన్ నంబరు కింద ఇస్తున్నాను." కథా సారాంశం, రాయడానికి ప్రేరేపించిన సంఘటన, సన్మానాల జాబితా అవసరం లేదు. మొదటి కథ అయితే ఆ మాట చెప్పవచ్చు, దాచాల్సిన పని లేదు.

"ప్రచురితం కాలేదు" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఫేస్‌బుక్ గోడ, సొంత బ్లాగు, కథల యాప్, కొన్ని పత్రికల దృష్టిలో వాట్సాప్ సమూహం కూడా ప్రచురణే. ఒకేసారి రెండు చోట్లకు పంపడం కొన్ని పత్రికలకు సమ్మతమే, చాలావాటికి కాదు. సమ్మతమైన చోట కూడా, ఒకరు తీసుకోగానే అదే రోజు మిగతావాళ్లకు చెప్పాలి. పేజీలు కట్టాక కథ వెనక్కి తీసుకుంటే ఆ ఖాళీ ఎలా నింపాలా అని రాత్రంతా కూర్చునేది సంపాదకులే. వాళ్లు ఆ పేరు మరిచిపోరు.

కృత్రిమ మేధ సంగతి కూడా అడుగుతున్నారు కాబట్టి: అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక క్లార్క్స్‌వరల్డ్, యంత్రాలతో రాయించిన కథలు వరదలా రావడంతో 2023 ఫిబ్రవరిలో కొన్నాళ్లు రచనలు తీసుకోవడమే ఆపేసింది. అప్పటినుంచి చాలా పత్రికలు నియమాలు రాసుకున్నాయి. వాటిలో ఏముందో చూసి, అడిగినచోట నిజం చెప్పండి.

పరిచయాలు

లేవని అబద్ధం చెప్పను. తెలిసిన పేరున్న మెయిలు ముందు తెరుచుకుంటుంది. పేరున్నవాళ్ల బలహీనమైన కథ కూడా అప్పుడప్పుడు అచ్చవుతుంది. కానీ పరిచయం వల్ల మీకు దొరికేది త్వరగా చదవడం, ఒక జవాబు. కొత్త రచయిత రాసిన బాగులేని కథను పరిచయం కోసం వేస్తే పాఠకుల ఉత్తరాలు ముందుగా చేరేది సంపాదకుడికే. మరోవైపు, తెలియని పేరుతో మంచి కథ రావడం ఈ పనిలో ఉండే కొద్దిపాటి సంతోషాల్లో ఒకటి. దాన్ని ఎవరూ వదులుకోరు.

జవాబు వచ్చాక

"మరో రచన పంపండి" అని రాస్తే అది మర్యాద మాట కాదు, నిజంగానే పంపమంటున్నారు. రెండు మూడు నెలల్లోపు, ఆ కథను గుర్తుచేస్తూ కొత్తది పంపండి. దిద్ది పంపమని అడగనప్పుడు అదే కథను దిద్ది మళ్లీ పంపకండి. కారణం చెప్పమని వాదనకు దిగకండి. జవాబు లేకపోతే, వాళ్లు చెప్పిన గడువు దాటాక రెండు వారాలు ఆగి ఒక మెయిలు రాయండి. గడువేదీ చెప్పకపోతే మూడు నెలలు ఆగండి. దానికీ జవాబు లేకపోతే కథను వెనక్కి తీసుకుంటున్నట్టు తెలియజేసి వేరేచోటికి పంపవచ్చు.

తీసుకున్నామని జవాబు వస్తే హక్కుల మాట చూడండి. మామూలుగా పత్రికకు కావలసింది మొదటిసారి ప్రచురించే హక్కు, వెబ్‌లో ఉంచే హక్కు. కాపీరైటు మొత్తం రాసిమ్మని కాగితం పంపితే సంతకం పెట్టకముందే ఎందుకో అడగండి. పుస్తకంగా వేసుకునే హక్కు మీ దగ్గరే ఉండాలి.

మార్పులు సూచిస్తే పదం, వాక్యం, నిడివి దగ్గర పట్టువిడుపులు చూపండి. కథ అర్థం మారే చోట మర్యాదగా కారణం చెప్పి వద్దనండి, చాలామంది ఒప్పుకుంటారు. ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూడమని పంపే ప్రతి) వచ్చినప్పుడు పేర్లు, అంకెలు, సంభాషణల కొటేషన్లు, పేరా విరుపులు చూసి, అడిగిన రోజుకు తిప్పి పంపండి. కొత్త వాక్యాలు కలపడం మొదలుపెడితే పేజీ అమరిక చెదిరి, అప్పటికప్పుడు ఎవరో కోసే ముక్క మీకు నచ్చిన పేరాయే కావచ్చు.